వాంగ్మూలం: పదమూడో పడవ నెత్తిన పదిహేనో పడవ

పోయిన నెల ఈ శీర్షికలో టైటానిక్ విచారణల గురించి ఒక పేరా రాశాను. కోర్టు స్టెనోగా ముప్పై రెండేళ్ళు సాక్షులు చెప్పింది టైపు కొట్టి రిటైరైన మనిషికి ఓడల గొడవ ఎందుకని నేనే అనుకున్నాను. తీరా చూస్తే ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. అందుకని వీలునామాలు, పాసుపుస్తకాల ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాను. వాయిదా వేయడం మాకు అలవాటే కదా.

తెనాలి నుంచి ఒక పాఠకురాలు: టైటానిక్ 13వ నంబరు లైఫ్‌బోటు నీళ్ళలో దిగాక, పైనుంచి 15వ నంబరు పడవ సరిగ్గా వాళ్ళ నెత్తి మీదికే దిగిందనీ, ఎవరో ఆఖరి క్షణంలో తాళ్ళు కోస్తే బతికి బయటపడ్డారనీ రాశారు. మా వారు "ఇది సినిమాకి పనికొస్తుంది" అని నవ్వారు. దీనికి ఆధారం ఏమిటి? చూసినవాళ్ళు ఎవరు?

మీ వారి అనుమానంలో తప్పులేదమ్మా. ఆఖరి క్షణం, కత్తి, అరుపులు మూడూ ఒకేచోట వినపడితే నాకూ టైపు మిషను మీద చెయ్యి ఆగేది. ముందు ఆ చోటు ఎలా ఉందో చెబుతాను.

టైటానిక్ మీద మొత్తం 20 పడవలు. ఓడ ముందుభాగం వైపు మొహం పెట్టి నిలబడితే కుడిచేతి వైపు బేసి నంబర్లు, ఎడమచేతి వైపు సరి నంబర్లు. కుడివైపు వెనక భాగంలో వరసగా 9, 11, 13, 15. అంటే 15 అన్నిటికన్నా వెనక, దాని ముందు 13. ఓడ 1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి మంచుకొండకు తగిలింది, తెల్లవారుజామున 2:20కి మునిగింది. ఈ రెండు పడవలూ దిగిన టైము బ్రిటిష్ విచారణ నివేదికలో ఒకటే, 1:35.

పడవల డెక్కు మీంచి నీళ్ళకు దాదాపు 70 అడుగులు. పడవ ముందొక కప్పీ తాడు, వెనకొక కప్పీ తాడు. పైన మనుషులు వాటిని వదులుతుంటే కింద పడవ దిగుతుంది. 13 నీళ్ళకు చేరేసరికి ఓడ పక్కనుంచి లావుపాటి నీటి ధార దూకుతోంది. అది కండెన్సరు నీళ్ళు. ఇంజన్లు ఆగిపోయినా దీపాల కోసం డైనమోలు తిరుగుతూనే ఉన్నాయి. వాటికి ఆవిరి కావాలి, వాడేసిన ఆవిరిని చల్లబరచడానికి సముద్రపు నీళ్ళు తోడి మళ్ళీ బయటికి పారబోయాలి. ఆ ధార తాకిడికి 13 ఓడకు ఎడంగా జరిగి, వెనక్కి కొట్టుకుపోయింది. వెనక ఉన్నది 15 దిగే చోటు.

ఇక సాక్షులు. మొదటివాడు లారెన్స్ బీస్లీ, ఇంగ్లండులో సైన్సు మాస్టరుగా పనిచేసిన మనిషి, రెండో తరగతి ప్రయాణికుడు. చదువుతున్న పుస్తకాలు జేబుల్లో కుక్కుకుని డెక్కు మీదికి వచ్చాడు. ఆడవాళ్ళు ఇంకెవరూ లేరని తేలాక, దూకమంటే 13లోకి దూకాడు. అదే ఏడాది తన అనుభవం పుస్తకంగా రాశాడు. ఆయన చెప్పింది ఇదీ: తాళ్ళను విడిపించే పిన్ను ఒకటి పడవ అడుగున ఎక్కడో ఉందన్నారు. కాళ్ళ మధ్య తడిమితే దొరకలేదు. పైనుంచి 15 దిగుతూనే ఉంది. ఆపమని అరిచారు. కిందా పైనా రెండు పడవల వాళ్ళూ అరిచారు. బీస్లీ, ఇంకొక ఫైర్‌మన్ (బాయిలర్లలో బొగ్గు వేసేవాడు) లేచి నిలబడి, పైనున్న పడవ అడుగుచెక్కకు చేతులు ఆనించి, తమ పడవను దాని కిందనుంచి తప్పించాలని తోశారు. అప్పుడు మరో ఫైర్‌మన్ కత్తి తీసుకుని తాళ్ళ మీదికి ఉరికాడు. "ఒకటి! రెండు!" అని అరుస్తూ కోసేశాడు. 13 పక్కకు జరగడం, అంతకు ముందు అది ఉన్న చోటే 15 నీళ్ళలో పడటం వెంటవెంటనే జరిగాయి.

రెండోవాడు ఫ్రెడరిక్ బారెట్, ఫైర్‌మన్లకు మేస్త్రి. ఓడకు దెబ్బ తగిలినప్పుడు బాయిలర్ గదిలో ఉన్నవాడు. లండన్లో విచారణ ముందు నిలబడి, ఆడవాళ్ళ మీదుగా నడుచుకుంటూ వెళ్ళి తాడు కోయాల్సి వచ్చిందని చెప్పాడు. మూడోవాడు రెజినాల్డ్ లీ, ఆ రాత్రి పైనుంచి మంచుకొండను చూసిన ఇద్దరు కాపలావాళ్ళలో ఒకడు. అతనూ 13లోనే బయటపడ్డాడు. ఓడ పక్కనుంచి వచ్చిన నీళ్ళు తమను 15 కిందికి నెట్టాయనీ, అది దాదాపు తమ మీదే దిగిందనీ అన్నాడు. 13 కంటే ముందు దిగిన 11వ పడవ వాళ్ళకీ ఈ నీటి ధారతోనే ఇబ్బంది అయింది.

ఇక తూకం. ముగ్గురూ వేరువేరు పనుల మనుషులు, చెప్పినదీ మూడు రకాలుగా. బీస్లీ రెండు తాళ్ళు అన్నాడు, బారెట్ తన చేతిలో తెగిన తాడు సంగతి చెప్పాడు. ఆడవాళ్ళ మీదుగా నడిచాననడం బారెట్‌కు గొప్ప తెచ్చిపెట్టే మాట కాదు. వీరుడిగా కనపడాలనుకునేవాడు ఆ ముక్క మింగేస్తాడు. బీస్లీకి ఆ ఫైర్‌మన్ పేరు కూడా తెలియదు. అందుకే పడవ మీదికి పడవ వచ్చిందన్నది, తాడు కోశారన్నది నేను నమ్ముతాను. కోసింది ఒక్క చెయ్యా, రెండు చేతులా అన్నది మాత్రం తేల్చను. పడవ నిండా జనం, నడిరాత్రి, చంద్రుడు లేడు, తల మీద పడవ అడుగుచెక్క. అలాంటప్పుడు ఎవరికి వారికి తమ పక్కన జరిగిందే లోకం.

బీస్లీ మీద నాకు గురి కుదిరింది మాత్రం ఇంకొక చోట. ఏప్రిల్ 19న పత్రికల్లో వచ్చిన తన కథనంలో పైనుంచి దిగిన పడవ నంబరు 14 అని చెప్పాడు. 13 పక్కన 14 ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కానీ 14 ఓడకు అవతలి వైపు ఉంది. పుస్తకం రాసేటప్పుడు ఆ తప్పును దాచిపెట్టలేదు. నంబర్లు ఒకటి విడిచి ఒకటి వేస్తారని అప్పుడు తెలియక అలా చెప్పానని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేశాడు. చూసింది చూసినట్టు ఉంచి, ఊహించుకున్న ముక్కను మాత్రం వెనక్కి తీసుకున్నాడు. ముప్పై రెండేళ్ళలో ఇలా చెప్పిన సాక్షుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టగలను. మిగతావాళ్ళు క్రాస్‌లో, అంటే అవతలి ప్లీడరు ప్రశ్నల్లో, నలిగిపోతూ కూడా "14 అంటే 14 అండి" అనేవాళ్ళే.

విశాఖపట్నం నుంచి హార్బరులో పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు: తాడు మీద బరువు లేకపోతే హుక్కు చేత్తో తీయొచ్చు. పడవ తేలాక కూడా తాడు కోయాల్సి వచ్చిందంటే దాని మీద లాగుడు ఉందన్నమాట. ఆ సంగతి సాక్షులు చెప్పారా?

అయ్యా, మీరు అడిగింది కోర్టులో ప్లీడరు అడగాల్సిన ప్రశ్న. లాగుడు సంగతి ఎవరైనా విడమరిచి చెప్పినట్టు నాకు గుర్తులేదు. కానీ మీరన్నట్టు చూస్తే లెక్క సరిపోయింది. నీటి ధార పడవను వెనక్కి తోస్తోంది, తాళ్ళేమో పైన కొక్కేలకు కట్టుకుని పట్టి ఉంచుతున్నాయి. మధ్యలో తాడు వడితిరిగి బిగుసుకుపోతుంది. పిన్ను వెతకడం, కత్తి తీయడం అందుకే.

సాక్షికి కారణం తెలియకుండా చెప్పిన వివరం, ఆ పని తెలిసిన మీలాంటివాళ్ళ లెక్కకు సరిపోయిందంటే దాని బరువు పెరుగుతుంది. ఒకసారి మా కోర్టులో లారీ యాక్సిడెంటు కేసు నడిచింది. టీ కొట్టు నడిపే ఆవిడ సాక్షి. "బండి ఆగాక కూడా టైర్లు తిరుగుతున్న వాసన వచ్చిందండి" అంది. ప్లీడరు నవ్వాడు, తిరుగుడుకు వాసనేమిటని. జడ్జిగారు నవ్వలేదు. బ్రేకు లైనింగు కాలిన వాసన అది. ఆవిడకు పేరు తెలియలేదు, అంతే. డిపోజిషన్‌లో (సాక్షి వాంగ్మూలం కాగితంలో) ఆ మాట ఎలా టైపు చేయాలో తెలియక నేను ఆయన మొహం చూశాను.

వరంగల్ నుంచి లా చదువుతున్న ఒక విద్యార్థి: ఇదే టైటానిక్ సాక్షులు పడవల్లో ఎంతమంది ఆడవాళ్ళు, ఎంతమంది మగవాళ్ళు అన్న విషయంలో ఘోరంగా తప్పు చెప్పారని చదివాను. ఒక విషయంలో అబద్ధమాడినవాణ్ణి ఇంకో విషయంలో ఎలా నమ్ముతాం సార్?

తప్పు చెప్పడమా? బాబూ, నా దృష్టిలో మొత్తం టైటానిక్ వ్యవహారంలో అన్నిటికన్నా గమ్మత్తైన కాగితం అదే. లార్డ్ మెర్సీ నడిపిన బ్రిటిష్ విచారణ 25,622 ప్రశ్నలు అడిగింది. సాక్షులు చెప్పినదాన్ని బట్టి ఏ పడవలో ఎందరు అని పట్టిక వేసి, నివేదికలో కూడా అచ్చేశారు. కూడితే 854 మంది వచ్చారు. బతికినవాళ్ళు 712 మందే. అందులో అరవై మందిని నీళ్ళలోంచీ, తిరగబడిన, సగం మునిగిన పడవల మీంచీ తీసుకొచ్చారు కాబట్టి, పడవల్లో దిగినవాళ్ళు 652 అని నివేదికే తేల్చింది. అంటే రెండు వందల మంది మాటల్లో పుట్టారు.

ఎక్కడ పుట్టారో చూడు. సాక్షుల లెక్కలో ఆడవాళ్ళూ పిల్లలూ 704. నిజానికి బతికినవాళ్ళు 394. మగ ప్రయాణికులు సాక్షుల లెక్కలో 43, నిజానికి 129. ఓడ సిబ్బందిలో మగవాళ్ళు 107 అన్నారు, బతికింది 189. ఆడవాళ్ళు మూడు వందలకు పైగా పెరిగారు, మగవాళ్ళు నూట అరవైకి పైగా మాయమయ్యారు. పొరపాటున తప్పితే అటూ ఇటూ తప్పుతుంది. ఇది మాత్రం ఒకవైపే ఒరిగింది. ఆడవాళ్ళూ పిల్లలూ ముందు అన్న ఆజ్ఞ ఉన్న రాత్రి బతికొచ్చిన మగవాడు "మా పడవ నిండా ఆడవాళ్ళే" అనక ఏమంటాడు? సాక్షుల్లో ఎక్కువమంది సిబ్బంది, వాళ్ళూ మగవాళ్ళే.

మన 13వ పడవ గడిలో ఏముందో తెలుసా? సిబ్బంది 5, మగ ప్రయాణికులు 0, ఆడవాళ్ళూ పిల్లలూ 59. సున్నా! బీస్లీ ఆ పడవలోనే ఉన్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కో డాక్టరు వాషింగ్టన్ డాడ్జ్ కూడా ఉన్నాడు. కానీ లండన్ విచారణకు ప్రయాణికుల్లోంచి పిలిచింది మొదటి తరగతిలో వచ్చిన డఫ్-గోర్డన్ దంపతుల్నీ, ఓడ కంపెనీ పెద్ద ఇస్మేనీ మాత్రమే. పిలవనివాడు లెక్కలో లేడు. ఇస్మే ఎక్కిన మడత పడవ 'సి' గడిలోనైతే 71 మంది ఉన్నారు. ఆ పడవలో పట్టేది 47.

ఇక 15వ పడవ. శామ్యూల్ రూల్ అనే స్నానాల గది స్టీవార్డు మొదట, దాదాపు 68 మందిలో ఆడవాళ్ళు నలుగురైదుగురు, పిల్లలు ముగ్గురు, మిగతా అంతా మగవాళ్ళే అన్నాడు. జాన్ హార్ట్ అనే మూడో తరగతి స్టీవార్డు మాత్రం, కింది అంతస్తుల్లోంచి తాను రెండు విడతలుగా ఆడవాళ్ళనూ పిల్లలనూ పైకి తెచ్చాననీ, రెండో విడత 15లో ఎక్కించాననీ చెప్పాడు. మూడో తరగతి వాళ్ళను కిందే ఆపేశారా అన్న ప్రశ్న ఆ హాల్లో నడుస్తున్న రోజులవి. కంపెనీకి హార్ట్ మాట ఎంత పనికొచ్చిందో నువ్వే ఊహించుకో. రూల్‌ను మళ్ళీ పిలిచారు. ఈసారి అతను తగ్గాడు, ఆడవాళ్ళు ఎక్కువే ఉండొచ్చన్నట్టు మాట మార్చాడు. పట్టికలో 15కు ఆడవాళ్ళూ పిల్లలూ 53 అని ఎక్కింది. తర్వాత ఏళ్ళలో బతికినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పట్టుకుని లెక్కకట్టిన పరిశోధకులు 15లో మగవాళ్ళే ఎక్కువని అంటున్నారు. రూల్ మొదట చెప్పిందే నిజానికి దగ్గర. మన కోర్టుల్లోనూ నాకు ఇది పదేపదే కనపడేది. మొదటిసారి చెప్పినప్పుడు సాక్షి తనకు కనపడింది చెబుతాడు. రెండోసారికి ఊళ్ళో వాళ్ళందరూ చెప్పింది కలుస్తుంది.

హార్ట్ అబద్ధమాడాడని మాత్రం అనను. మెట్లెక్కించి తెచ్చిన ఆడవాళ్ళు అతనికి గుర్తున్నారు. తను చూడకుండా ఎక్కినవాళ్ళు గుర్తులేరు.

నీ ప్రశ్నకు వస్తాను. ఒక మాట అబద్ధమైతే సాక్ష్యం అంతా కొట్టేయాలన్న సూత్రం మన దేశంలో చెల్లదని నీకు క్లాసులో చెప్పే ఉంటారు. 1957లో వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టు సాక్షుల్ని మూడు రకాలు చేసింది: పూర్తిగా నమ్మదగినవాళ్ళు, బొత్తిగా నమ్మరానివాళ్ళు, రెండూ కానివాళ్ళు. మా బల్ల ముందు నిలబడినవాళ్ళలో తొంభై పాళ్ళు మూడో రకమే. వాళ్ళను చేటలో పోసి చెరగాల్సిందే. ఏ మాట దగ్గర సాక్షికి సిగ్గుందో, ఏ మాట దగ్గర లాభముందో చూడాలి. ఎంతమంది మగవాళ్ళు అన్న దగ్గర ప్రతివాడికీ సిగ్గుంది. నీటి ధార పడవను ఎటు తోసింది అన్న దగ్గర ఎవరికీ సిగ్గూ లేదు, లాభమూ లేదు. అందుకే సాక్షులు చెప్పిన జనం లెక్క పక్కన పెట్టి, బారెట్ చెప్పిన తాడు సంగతి తీసుకుంటాను.

ఇంకొక ముక్క, ఇది నీ పుస్తకాల్లో ఉండదు. సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జిగారు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు, నేను టైపు కొడతాను. ప్రశ్నలు ఎగిరిపోయి, అంతా సాక్షే గుక్కతిప్పుకోకుండా చెప్పినట్టు కాగితం మీదికి వస్తుంది. ఒక పెద్దాయన "గొడ్లు ఇంటికొచ్చే వేళండి" అన్నాడు. కాగితం మీద "సాయంత్రం సుమారు 6 గంటలకు" అని పడింది. రెండేళ్ళ తర్వాత క్రాస్‌లో అవతలి ప్లీడరు ఆ ఆరు గంటలు పట్టుకుని ఆయన్ను ఆడుకున్నాడు. ఆరని ఆయన ఎప్పుడన్నాడు? టైపు కొట్టింది నేను. లండన్లో షార్ట్‌హ్యాండు వాళ్ళు ప్రశ్నకు నంబరు వేసి, ప్రశ్ననూ జవాబునూ విడివిడిగా రాశారు. అందుకే వందేళ్ళు దాటినా ఏ మాట సాక్షిది, ఏ మాట లాయరు నోట్లో పెట్టింది అని మనం పట్టుకోగలుగుతున్నాం. 13కూ 15కూ వేసిన 1:35 కూడా నా దృష్టిలో గొడ్లొచ్చే వేళ లాంటిదే.

గుంటూరు నుంచి ఒక పాఠకుడు: 1వ నంబరు పడవలో పెద్దింటివాళ్ళు లంచమిచ్చి వెనక్కి వెళ్ళకుండా చేశారట. నిజమేనా?

ఆ పడవలో 40 మందికి చోటుంది, దిగింది 12 మంది. సర్ కాస్మో డఫ్-గోర్డన్ అందులోని ఏడుగురు సిబ్బందికి తలా ఐదు పౌండ్ల చెక్కు ఇచ్చాడు. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. పోయిన సామాన్ల కోసం ఇచ్చానన్నాడాయన. మునుగుతున్నవాళ్ళ కేకలు విని వెనక్కి వెళ్దామని తాను అన్నాననీ, మిగతావాళ్ళు ఒప్పుకోలేదనీ హెండ్రిక్సన్ అనే ఫైర్‌మన్ చెప్పాడు. పడవ బాధ్యతలో ఉన్న సైమన్స్ మాత్రం అలాంటి మాటే రాలేదన్నాడు. ఏది అడిగినా "పరిస్థితి నా చేతుల్లోనే ఉంది" అన్న పాటే పాడాడు. సాక్షి ఒకే వాక్యాన్ని మాటమాటకీ అప్పజెబుతుంటే, అది అతని సొంత వాక్యమేనా అని నాకు అనుమానం వచ్చేది. లార్డ్ మెర్సీ లంచం ఆరోపణను కొట్టేశారు. కానీ డఫ్-గోర్డన్ గనక వెనక్కి వెళ్దామని ప్రోత్సహించి ఉంటే సిబ్బంది బహుశా ప్రయత్నించేవాళ్ళే, కొందరిని బతికించగలిగేవాళ్ళే అని కూడా అన్నారు. నాకు ఆ రెండో వాక్యమే తీర్పులా కనపడుతుంది.

కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు: ఓడ రెండు ముక్కలైందని చూసినవాళ్ళు చెప్పినా విచారణలు ఎందుకు నమ్మలేదు?

చెప్పిందెవరో, కాదన్నదెవరో చూశారు. విరిగిందన్నవాళ్ళలో ప్రయాణికులూ మామూలు సిబ్బందీ ఉన్నారు, పదిహేడేళ్ళ జాక్ థాయర్ లాంటి కుర్రాడూ ఉన్నాడు. విరగలేదన్నది బతికిన ఆఫీసర్లలో అందరికన్నా పెద్దవాడైన లైటోలర్. యూనిఫారం గెలిచింది. నివేదికలో ఓడ ముక్కలు కాలేదనే రాశారు. 1985 సెప్టెంబరు 1న దాదాపు 3,800 మీటర్ల లోతులో ఓడ దొరికింది, రెండు ముక్కలుగా. అప్పటికి ఆ మాట చెప్పినవాళ్ళలో ఎక్కువమంది పోయారు.

రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు: మా నాన్నగారికి 84 ఏళ్ళు. చిన్నప్పుడు గోదావరిలో నావ బోల్తా పడి ఈదుకుంటూ బయటపడిన సంగతి చెబుతుంటారు. చెప్పినప్పుడల్లా వివరాలు మారుతున్నాయి. రికార్డు చేద్దామంటే మా అన్నయ్య "ఏది నిజమని చేస్తావు" అంటున్నాడు.

చేయండమ్మా, ఈ ఆదివారమే చేయండి.

నా సంగతి చెబుతాను. నాకు ఎనిమిదేళ్ళప్పుడు కోనసీమలో గోదావరి పాయ దాటుతుంటే, మా నావ వెళ్ళి రేవులో కట్టి ఉన్న ఇంకో నావకు గుద్దుకుంది. అందరం నడుము దాకా తడిశాం, అంతకుమించి ఏమీ కాలేదు. మా అక్క తనే నా జుట్టు పట్టుకుని పైకి లాగానంటుంది. నాకేమో అక్క ఏడుస్తుంటే నేనే ఆవిడ ఓణీ పట్టుకుని ఆపినట్టు గుర్తు. యాభై ఏళ్ళుగా ప్రతి సంక్రాంతికీ ఈ గొడవ నడుస్తుంది. నీళ్ళలో కొట్టుకుపోయిన పనసకాయలు ఆవిడకు రెండు, నాకు ఒకటి. ఇద్దరికీ తేడా లేకుండా గుర్తున్నది ఒక్కటే. నావ గుద్దుకున్నా, జనం అరిచినా, సరంగు నోట్లో బీడీ మాత్రం ఆరలేదు. ఆ బీడీ వల్ల ఆవిడకూ లాభం లేదు, నాకూ లేదు. కాబట్టి దాన్ని నేను నిజమనే లెక్కేసుకున్నాను.

మీరు నాన్నగారిని అడిగేటప్పుడు మొదటి పది నిమిషాలు ప్రశ్నే వేయకండి. ఎలా చెబితే అలా చెప్పనివ్వండి. ఆ తర్వాత కూడా "పడవలో యాభై మంది ఉన్నారా?" అని అడగకండి. ఆ యాభై మీది, రేపు ఆయనది అయిపోతుంది. "పడవ ఎటు ఒరిగింది నాన్నా, చేతికి ముందు ఏం తగిలింది, నీళ్ళు చల్లగా ఉన్నాయా, ఎవరి గొంతు వినపడింది" అని అడగండి. టైము అడగొద్దు, ఆ పూట ఏం తిన్నారో అడగండి. పోయినసారి చెప్పినదానికి తేడా వస్తే సరిదిద్దకండి. అన్నయ్యగారిని గదిలో ఉండనివ్వకండి, ఉన్నా మాట్లాడనివ్వకండి. ఆ నావలో ఉన్నవాళ్ళు ఇంకెవరైనా బతికి ఉంటే, నాన్నగారి రికార్డింగు వాళ్ళకు వినిపించకముందే వాళ్ళ చేత చెప్పించండి. రెండు నెలల తర్వాత నాన్నగారిని ఇంకోసారి అడిగి, అదీ విడిగా దాచండి. పాతదాని మీద కొత్తది ఎక్కించొద్దు.

ఫోన్లో రికార్డు మొదలుపెట్టగానే ఆ రోజు తేదీ మీ గొంతుతో చెప్పండి. చివర్లో "ఇంకేమైనా ఉందా నాన్నా" అని అడిగి, ఒక్క నిమిషం మాట్లాడకుండా కూర్చోండి. కోర్టులో మాకు ఆ నిమిషం ఎప్పుడూ దొరకలేదు. ఇంకో సాక్షి గుమ్మంలో నిలబడి ఉండేవాడు.